నీలం పొగ: 1489 సీసీ బీ-సిరీస్ ఇంజన్ చేత ఆయిల్ తాగుడు మాన్పించిన డైరీ

ఇంజన్: బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్, 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, పుష్‌రాడ్‌ల (కింది నుంచి తోసి వాల్వులు తెరిపించే కడ్డీల) ఓవర్‌హెడ్ వాల్వు. బోరు (సిలిండర్ వ్యాసం) 73.025 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9 మి.మీ. పాత పెట్రోల్ అంబాసిడర్‌లో, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3లో, ఎంజీఏ 1500లో ఉన్నది ఇదే.

రోగం: చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలం పొగ. వాలు దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే ఇంకో గుప్పు. ఎత్తు ఎక్కేటప్పుడు సన్నగా, ఆగకుండా. మూడు లక్షణాలూ ఒకే బండిలో ఉంటే కారణం ఒకటే అనుకుని దిగడం దండగ.

కింది కొలతలు ఈ ఒక్క ఇంజన్‌వి. పద్ధతి ఏ పాత పుష్‌రాడ్ ఇంజన్‌కైనా పనికొస్తుంది. టార్క్, వాల్వు క్లియరెన్సు మాత్రం మీ బండి మాన్యువల్‌లోవే వాడండి.

దశ 0: తాగుడు ఎంతో తేల్చడం

1000 కి.మీ.కు ఎన్ని మి.లీ. అన్న అంకె చేతిలో లేకుండా పానా పట్టకూడదు. ఏ మార్పు ఎంత పనిచేసిందో చెప్పేది అదే. పొగ కంటిని మోసం చేస్తుంది: ఎండలో కనపడని పొగ రాత్రి వెనక బండి లైటు పడితే మేఘంలా ఉంటుంది.

1. ప్రతిసారీ ఒకే చదును చోట ఆపాలి. వేడి ఇంజన్ ఆపాక 15 నిమిషాలు ఆగాలి. హెడ్డు మీదున్న ఆయిల్ సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగు తొట్టిలోకి, దిగాలి కదా.
2. డిప్‌స్టిక్ పై గీత దాకా నింపి, కిలోమీటర్లు రాసుకోవాలి.
3. కనీసం 300 కి.మీ. నడిపాక, 100 మి.లీ. సిరంజితో మళ్లీ అదే గీత దాకా పోయాలి. డబ్బాతో ఉజ్జాయింపుగా పోస్తే ఈ లెక్కకు విలువ లేదు.
4. పోసిన మి.లీ.ని కి.మీ.తో భాగించి 1000తో హెచ్చించాలి.

కారేది వేరు, కాలేది వేరు. ఇంజన్ కింద రాత్రంతా అట్టముక్క పెట్టి, ముందూ తర్వాతా వంటింటి డిజిటల్ తూకంతో తూచాం: 14 గ్రాములు. ఎక్కువ భాగం పక్కనున్న టాపెట్ (పుష్‌రాడ్‌ని తోసే ముక్క) కవర్ల నుంచి, కొంత వెనక మెయిన్ బేరింగ్ దగ్గర నుంచి. ఈ ఇంజన్‌కు వెనక రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీద చెక్కిన మరలాంటి గాడి ఆయిల్‌ని వెనక్కి తిప్పుతుంది. అక్కడ రెండు చుక్కలు కారడం దాని స్వభావం.

లెక్క: 450 కి.మీ., 640 మి.లీ. అంటే 1000 కి.మీ.కు 1420 మి.లీ.
మొత్తం: 450 కి.మీ., 0.640 లీటరు.

దశ 1: విప్పకుండా చేసే పరీక్షలు

స్టార్టింగ్‌లో గుప్పుమని వచ్చి అర నిమిషంలో తేలిపోతే వాల్వు గైడ్లు (వాల్వు కాండం ఆడే గొట్టాలు), సీళ్లు. రాత్రంతా రాకర్ల (వాల్వుల్ని నొక్కే చేతుల) నుంచి కారిన ఆయిల్ వాల్వు వెనక చేరి మొదటి పేలుళ్లలో కాలుతుంది. లోడు మీద ఆగకుండా వస్తే రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి సిలిండర్ గోడను ఒరుసుకునేవి). ఇంతవరకు అందరూ చెప్పేదే. వాలు పరీక్షతోనే చిక్కు. యాక్సిలరేటర్ వదిలి గేరులో దిగుతుంటే మ్యానిఫోల్డ్‌లో (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టంలో) వాక్యూమ్ పెరిగి గైడ్ల నుంచి ఆయిల్ లాగుతుంది, నిజమే. కానీ అప్పుడు సిలిండర్ లోపల ఉన్నదీ వాక్యూమే. ఆయిల్ రింగు పోయినా అదే సమయంలో కింద నుంచి పైకి లాగేస్తుంది. వాలు పొగ ఒక్కటే చూసి హెడ్డు విప్పేవాళ్లు, గైడ్లు మార్చాక కూడా పొగ చూసి తెల్లబోయేది ఇందుకే.

ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉన్న బండి అయితే దాని గిన్నె ముందు చూడండి. గీత దాటి పోసి ఉంటే ఆ ఆయిల్ నేరుగా కార్బొరేటర్‌లోకి పోతుంది. ఇక్కడ గీత మీదే ఉంది.

కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, కాయిల్ వైరు ఊడదీయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకోవాలి. గేజ్ ముల్లు ఆరు దెబ్బలు కొట్టేదాకా సెల్ఫ్ తిప్పాలి. తర్వాత ఒక్కో సిలిండర్‌లో 5 మి.లీ. ఆయిల్ వేసి మళ్లీ.

సిలిండర్ 1: పొడి (ఆయిల్ వేయకముందు) 138, తడి (వేశాక) 146 పీఎస్ఐ (ఒత్తిడి కొలత)
సిలిండర్ 2: పొడి 135, తడి 144
సిలిండర్ 3: పొడి 112, తడి 141
సిలిండర్ 4: పొడి 136, తడి 145

మూడోదాంట్లో ఆయిల్ వేయగానే 29 పీఎస్ఐ లేచింది. ఆయిల్ కాసేపు రింగుల సందు మూసింది కాబట్టి లేచింది. వాల్వు కారుతుంటే ఇలా లేవదు.

లీక్-డౌన్ పరీక్షలో 80 పీఎస్ఐ గాలి పెడితే మూడో సిలిండర్ 31 శాతం వదిలింది, మిగతావి 12 నుంచి 14. చెవి పెడితే బుసబుస వినిపించింది ఆయిల్ పోసే మూత దగ్గర. గాలి రింగులు దాటి క్రాంక్‌కేసులోకి (క్రాంక్ తిరిగే కింది గదిలోకి) పోతోందన్నమాట. ఈ పరీక్షలో పిస్టన్ టాప్ డెడ్ సెంటర్‌లో (అన్నిటికన్నా పై చోట) కచ్చితంగా ఉండాలి. కాస్త పక్కకున్నా గాలి క్రాంక్‌ని తిప్పేస్తుంది. పుల్లీ నట్టు మీద పానా వదిలేసి గాలి పెట్టకండి, చెయ్యి విరుగుతుంది.

తేలిందేమిటంటే, గైడ్ల అనుమానం నాలుగింటి మీదా, రింగుల నిర్ధారణ మూడోదాని మీద. తక్కువ పని నుంచి ఎక్కువ పనికి వెళ్లాం. ఒక్కో పని తర్వాత కొలిచాం కాబట్టి ఏ కారణం ఎంత తాగుతోందో విడివిడిగా తేలింది. మీ దగ్గర కంప్రెషన్ ఇలాగే ఉంటే ఇన్ని విడతలు అక్కర్లేదు. దశ 2 చేసి, నేరుగా 4, 5 కలిపి చేసేయండి.

దశ 2: ఇంజన్‌కు ఊపిరి

రింగులు దాటిన గ్యాస్ బయటికి పోయే దారి మూసుకుంటే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఆయిల్‌ని ప్యాకింగుల నుంచి బయటికీ, గైడ్ల నుంచి పోర్టుల్లోకీ తోస్తుంది. ఎక్కువమంది చూడనిది ఇదే. ఇందులో కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు.

కొలిచే సాధనం: 6 మి.మీ. పారదర్శకమైన ట్యూబును చెక్క మీద యూ ఆకారంలో బిగించి, పక్కన స్కేలు అంటించి, రంగు నీళ్లు సగం పోయాలి. ఒక కొస డిప్‌స్టిక్ గొట్టానికి, రెండోది గాలికి. రెండు వైపుల నీటి మట్టాల తేడాయే ఒత్తిడి.

శుభ్రం చేయకముందు: ఐడ్లింగ్‌లో 35 మి.మీ., 3000 ఆర్పీఎం దగ్గర 110 మి.మీ.

ముందు టాపెట్ కవరులో బ్రీదర్ గొట్టం మొదట్లో తీగ జాలీ ఉంటుంది. ఆయిల్ తుంపరను ఆపి గ్యాస్‌ని వదలడం దాని పని. విప్పితే జాలీ కనపడలేదు. దాని స్థానంలో తారు రాయిలా గట్టిపడిన నల్లటి ముద్ద ఉంది.

1. కవరు మొత్తం కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టాలి.
2. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, ఇత్తడి బ్రష్‌తో లోపలి నుంచి బయటికి తోయాలి.
3. గాలి కొట్టి, నోటితో ఊదితే అడ్డు తగలకూడదు.
4. జాలీ తుక్కయిపోతే అదే రకం తీగ జాలీ పెట్టాలి. గిన్నెలు తోమే పీచు పెట్టవద్దు. అది పొడిపొడిగా రాలి సంప్‌లో పడుతుంది.
5. రాకర్ కవరు నుంచి ఎయిర్ క్లీనర్‌కు పోయే రబ్బరు గొట్టం నలిగి లోపల అతుక్కుపోయి ఉంటే మార్చాలి.

తర్వాత: ఐడ్లింగ్‌లో 8 మి.మీ., 3000 దగ్గర 40 మి.మీ. రాత్రి కారుడు 14 గ్రాముల నుంచి 6కు దిగింది. ప్యాకింగులు ఒక్కటీ మార్చలేదు.

లెక్క: 400 కి.మీ., 460 మి.లీ. 1000 కి.మీ.కు 1150.
మొత్తం: 850 కి.మీ., 1.100 లీటర్లు.

తగ్గిన 270 అంతా పొగ కాదు. అందులో కారుడు వాటా ఉంది.

ఫెయిలైన ప్రయత్నం. మ్యానిఫోల్డ్ వాక్యూమ్‌తో గ్యాస్‌ని లాగే పీసీవీ వాల్వును వేరే ఇంజన్ నుంచి తెచ్చి రాకర్ కవరుకు బిగించాం. క్రాంక్‌కేసు ఒత్తిడి సున్నాకు పడింది, చూడ్డానికి బ్రహ్మాండం. ఐడ్లింగ్ మాత్రం ఎగుడుదిగుడైంది, ఎందుకంటే ఆ వాల్వు వదిలే గాలి ఈ కార్బొరేటర్ సెట్టింగులో లేదు. అంతకన్నా పెద్ద చిక్కు, రాకర్ కవరులో ఆయిల్‌ని ఆపే అడ్డుపలక లేదు. రాకర్లు చిమ్మిన ఆయిల్ తిన్నగా మ్యానిఫోల్డ్‌లోకే వెళ్లింది. 120 కి.మీ.లో 210 మి.లీ., అంటే 1750. పీకేసి పాత దారే పెట్టాం. అడ్డుపలక, సరైన ఫ్లో ఉన్న వాల్వు, మళ్లీ కార్బొరేటర్ ట్యూనింగు, ఈ మూడూ లేకుండా పీసీవీ పెడితే పొగ పెరుగుతుంది.

మొత్తం: 970 కి.మీ., 1.310 లీటర్లు.

దశ 3: రింగులు నానబెట్టడం

అతుక్కున్న రింగు మందుతో వదులుతుందేమో అని ఒక ప్రయత్నం. క్రాంక్ తిప్పి నాలుగు పిస్టన్లూ సగం ఎత్తుకు తెచ్చి, ఒక్కో దాంట్లో 30 మి.లీ. పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలాం. మర్నాడు ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ తిప్పి, మిగిలిందంతా బయటికి చిమ్మించాలి. ప్లగ్గులు పెట్టి తిప్పితే ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కిందికి దిగిన మందు సంప్ ఆయిల్‌ని పలచన చేస్తుంది కాబట్టి ఆయిలూ ఫిల్టరూ మార్చేయాలి.

మూడో సిలిండర్ 112 నుంచి 121కి వచ్చింది. తాగుడులో తేడా లేనట్టే.

లెక్క: 350 కి.మీ., 390 మి.లీ. 1000 కి.మీ.కు 1115.
మొత్తం: 1320 కి.మీ., 1.700 లీటర్లు.

ఏళ్ల తరబడి నిలబెట్టిన బండికైతే ఈ మందు పనిచేయొచ్చు, తుప్పూ జిగురూ వదులుతాయి. రోజూ తిరిగి, కార్బన్ కాలి గట్టిపడిన బండికి ఆశ పెట్టుకోకండి.

దశ 4: హెడ్డు

ఈ ఇంజన్‌లో రాకర్ షాఫ్ట్‌ని పట్టే నట్లలో నాలుగు హెడ్డు నట్లే. రాకర్ ఒక్కటే తీద్దామని వాటిని విప్పితే హెడ్డు ఒక పక్క వదులై మెలితిరుగుతుంది, నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. అందుకే వరస ఇది:

1. బ్యాటరీ ఎర్త్ తీసి, రేడియేటర్, బ్లాకు రెండూ ఖాళీ చేయాలి.
2. కార్బొరేటర్, మ్యానిఫోల్డ్, పై హోస్, రాకర్ కవరు తీయాలి.
3. పదకొండు నట్లనీ మాన్యువల్ వరసలో పావు చుట్టు చొప్పున వదులు చేయాలి. ఒక్కదాన్నీ ముందే పూర్తిగా విప్పకూడదు.
4. రాకర్ షాఫ్ట్ మొత్తంగా ఎత్తాలి.
5. పుష్‌రాడ్‌ని ముందు కాస్త అటూ ఇటూ తిప్పి, తర్వాతే పైకి లాగాలి. తిన్నగా లాగితే ఆయిల్ జిగురుకి కింద టాపెట్ కూడా అంటుకుని లేస్తుంది, మధ్యలో ఊడి పక్కకు పడుతుంది. ఎనిమిది రంధ్రాలు పొడిచిన అట్టలో వరసగా గుచ్చాలి.
6. హెడ్డు నిటారుగా ఎత్తాలి. రాకపోతే కింద స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకండి. ప్లగ్గులు బిగించి ఇంజన్ తిప్పితే కంప్రెషనే దాన్ని వదులు చేస్తుంది.

విప్పగానే తుడిచేయకండి. మురికి చెప్పేది చదవాలి. ఇన్‌లెట్ వాల్వుల వెనక, కాండం మీద, తడిగా మెరిసే దళసరి నల్ల ముద్ద. రెండోదీ నాలుగోదీ ఘోరం. పోర్టు గోడ కూడా వేలికి జిడ్డంటింది. అదంతా గైడ్ల నుంచి దిగిన ఆయిల్. పిస్టన్ల పైన చూస్తే 1, 2, 4 మీద పొడి కార్బన్ అంచు దాకా ఉంది. మూడోదాని మీద మాత్రం అంచు చుట్టూ సుమారు 6 మి.మీ. వెడల్పున అల్యూమినియం కడిగినట్టు తెల్లగా బయటపడింది. రింగుల పక్క నుంచి పైకొచ్చిన ఆయిల్ అక్కడ కార్బన్ పట్టనివ్వదు. కంప్రెషన్ గేజ్ చెప్పిందే ఇదీ చెప్పింది.

గైడ్ల కొలత. వాల్వుని సీటు నుంచి 10 మి.మీ. ఎత్తి తలని ఊపి డయల్ గేజ్‌తో చూడటం త్వరగా అయ్యే పద్ధతి. ఇన్‌లెట్లు వరసగా 0.38, 0.62, 0.35, 0.55 మి.మీ. ఊగాయి. ఊగుడు క్లియరెన్సు కాదు, ఏది ఎక్కువో చెబుతుంది అంతే. అసలు కొలతకు చిన్న రంధ్రాల గేజ్, మైక్రోమీటరు కావాలి. రెండో ఇన్‌లెట్ కాండం 8.65, గైడు మధ్యలో 8.77, పై కొసన 8.85. కొస గంట మూతిలా విచ్చుకుంది. ఇన్‌లెట్‌కు 0.04 నుంచి 0.06 ఉండాల్సిన చోట 0.20 ఉంది.

గైడ్లు మార్చడం:

1. పాత గైడు స్ప్రింగ్ సీటు మీద నుంచి ఎంత ఎత్తు ఉందో డెప్త్ గేజ్‌తో కొలిచి రాసుకోవాలి. ఇక్కడ 15.9 మి.మీ.
2. మెట్టు ఉన్న డ్రిఫ్ట్‌తో కంబషన్ ఛాంబర్ వైపు దింపాలి. మెట్టు లేని కడ్డీతో కొడితే గైడు కొస ఉబ్బి హెడ్డు రంధ్రాన్ని గీరుకుంటూ దిగుతుంది.
3. హెడ్డుని ఓవెన్‌లో 100 డిగ్రీల దాకా సమంగా వేడి చేసి, కొత్త గైడ్లని ఫ్రీజర్‌లో పెట్టి, పై నుంచి దింపాలి. గ్యాస్ మంటతో ఒకే చోట కాల్చకండి.
4. దిగాక గైడు లోపలి వ్యాసం బిగుసుకుంటుంది. ఇక్కడ 0.02 మి.మీ. తగ్గింది, రెండు వాల్వులు లోపలికే పోలేదు. ఆయిల్ వేస్తూ రీమర్‌ని ఒకే దిశలో తిప్పాలి. బయటికి తీసేటప్పుడూ అదే దిశ.
5. సీటు మళ్లీ కోయించాలి.

అయిదోది వదిలేసేవాళ్లే ఎక్కువ. కొత్త గైడు కేంద్రం పాతదాని కేంద్రంతో కలవదు, వాల్వు సీటు మీద ఒక పక్కే కూర్చుంటుంది. గ్రైండింగ్ పేస్టు ఎంత రుద్దినా ఆ వంకర పోదు, సీటు వెడల్పవుతుంది అంతే. 45 డిగ్రీల కోత, ఇన్‌లెట్ 1.5 మి.మీ., ఎగ్జాస్ట్ 2 మి.మీ. వెడల్పు చేయించి, చివర్న సన్న పేస్టుతో కాస్తే రుద్దాం. పోర్టులో కిరోసిన్ పోసి పది నిమిషాలు చూశాం. చెమ్మ రాలేదు.

రాకర్ షాఫ్ట్ కింది వైపు 0.11 మి.మీ. అరిగి గుంటలు పడింది. ఇదీ పొగకు సంబంధించిందే. ఆ సందుల నుంచి కావలసిన దానికి రెట్టింపు ఆయిల్ వాల్వుల మీద కురుస్తుంది, ఎంత మంచి సీలూ ఆపలేదు. షాఫ్టూ బుష్షులూ మార్చాం.

సీళ్లు. ఈ ఇంజన్‌కు మొదట ఇచ్చింది కాండం మీద, కాటర్ల (రిటైనర్‌ని కాండానికి పట్టే చీలికల) కింద కూర్చునే చిన్న రబ్బరు ఓ-రింగు. స్ప్రింగుని నొక్కి పట్టుకున్నాకే దాన్ని ఎక్కించాలి. ముందే తొడిగితే రిటైనర్ (స్ప్రింగు నెత్తిన ఉండే పళ్లెం) అంచుకి తెగుతుంది. దీనికన్నా గట్టిది కావాలని ఇన్‌లెట్ గైడ్ల మీద నొక్కి తొడిగే టోపీ సీళ్లు పెట్టాం. ఎగ్జాస్ట్‌కు పెట్టలేదు. అక్కడ పోర్టులో ఎక్కువసేపు ఒత్తిడే గానీ వాక్యూమ్ ఉండదు, పైగా ఆ వేడి కాండానికి కొంచెం ఆయిల్ కావాలి.

పెట్టేముందు ఒక కొలత తప్పనిసరి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు రిటైనర్ అడుగు సీలు నెత్తిని తాకకూడదు. కనీసం 1 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇక్కడ 1.8 ఉంది.

అయినా ఫెయిలైంది. 220 కి.మీ. దాటాక స్టార్టింగ్ పొగ తిరిగొచ్చింది. రాకర్ కవరు తీస్తే రెండో సిలిండర్ సీలు గైడుని వదిలి, కాండాన్ని పట్టుకుని వాల్వుతో పాటే పైకీ కిందికీ ఆడుతోంది. అలా ఆడే సీలు ఆయిల్‌ని ఆపకపోగా పంపులా కిందికి తోస్తుంది. కారణం, మామూలు గైడు నెత్తి నున్నగా ఉంటుంది, సీలుకు పట్టు దొరకదు. లేత్ మీద నెత్తి తిప్పి, చుట్టూ సన్న గాడి పెట్టిన గైడ్లు నాలుగు వేయించి, చుట్టూ స్ప్రింగు కట్టు ఉన్న సీళ్లు తొడిగాం. గైడ్లు మారాయి కాబట్టి ఆ నాలుగు సీట్లూ మళ్లీ కోతే. గాడి పెట్టించే వీలు లేకపోతే పాత ఓ-రింగులే నయం.

హెడ్డు బిగింపు మూడు విడతల్లో, మధ్య నుంచి బయటికి. వాల్వు క్లియరెన్సుకు తొమ్మిది లెక్క: ఒకటో వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, రెండోది తెరిచినప్పుడు ఏడోది. ఎప్పుడూ రెండూ కలిపి తొమ్మిది.

లెక్క, సీలు ఊడిన భాగం: 220 కి.మీ., 190 మి.లీ., అంటే 865.
లెక్క, గాడి గైడ్లతో: 600 కి.మీ., 390 మి.లీ., అంటే 650.
మొత్తం: 2140 కి.మీ., 2.280 లీటర్లు.

స్టార్టింగ్ పొగ పూర్తిగా పోయింది. ఎత్తు మీది పొగ అలాగే ఉంది.

"హెడ్డు బాగుచేస్తే పాత రింగులు పోతాయి" అన్న మాట ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. ఇక్కడ అలాంటిదేమీ కనపడలేదు. మూడో సిలిండర్ ముందే పోయి ఉంది, హెడ్డు పొగ ఆగాక అది ఒక్కటే మిగిలి కంటపడింది.

దశ 5: బోరు, రింగులు

హెడ్డు, సంప్ రెండూ దించాం. ఈ ఇంజన్ బిగ్ ఎండ్‌ని (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌ని పట్టే కొసని) ఏటవాలుగా చీల్చి ఉంటుంది కాబట్టి రాడ్డుతో సహా పిస్టన్ పైనుంచే వస్తుంది. తోసేముందు బోరు పై అంచున అరగని మెట్టుని రిడ్జ్ రీమర్‌తో కోసేయాలి. వదిలేస్తే కొత్త పై రింగు ఆ మెట్టుకి కొట్టుకుని విరుగుతుంది, లేదా పిస్టన్ గాడి అంచుని పగలగొడుతుంది.

మూడో బోరు కొలతలు, ముందు అడ్డంగా (పిస్టన్ నెట్టే దిశ), తర్వాత క్రాంక్ వెంబడి:

పైన: 73.14, 73.07
మధ్యలో: 73.09, 73.06
అడుగున: 73.04, 73.03

కిందికీ పైకీ తేడా 0.10, కోడిగుడ్డుతనం 0.07. మిగతా మూడింట్లో తేడా 0.05, 0.06. కొత్త బోరింగు, ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలా, రింగులతో సరిపెట్టాలా అన్న ప్రశ్నకు ఈ 0.10 గట్టు మీద ఉంది. వ్యాసం 0.10 మారితే చుట్టుకొలత 0.31 మారుతుంది. రింగు ప్రతి స్ట్రోకులో అంత విచ్చుకుని ముడుచుకోవాలి. 0.10 దాటితే నేనైతే బోరింగుకే ఓటు వేస్తాను. ఇక్కడ హోనింగు (బోరు గోడని రాళ్లతో సన్నగా గీకడం), కొత్త రింగులతో ఆగాం.

ఊడదీసిన మూడో పిస్టన్ ఆయిల్ రింగు గాడిలోంచి కదల్లేదు. కిరోసిన్‌లో నానబెట్టి ముక్కలుగా తీయాల్సి వచ్చింది. దాని వెనక ఆయిల్ తిరిగి పోయే రంధ్రాల్లో ఒక్కటీ తెరుచుకుని లేదు, కార్బన్‌తో గడ్డకట్టి ఉన్నాయి. గోడ మీద గీకిన ఆయిల్‌కు వెనక్కి పోయే దారి లేకపోతే అది పైకే పోతుంది. దశ 3 మందు ఎందుకు పనిచేయలేదో ఇది చూస్తే తెలుస్తుంది.

1. గాడులని విరిగిన పాత రింగు ముక్కతో గీకాలి. అడుగు కార్బన్ మాత్రమే పోవాలి, గాడి పక్క గోడలకి గీత పడకూడదు.
2. రంధ్రాలని అదే సైజు డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి తెరవాలి. మెషిన్ పెట్టవద్దు.
3. కొత్త రింగుని గాడిలో పెట్టి పక్క సందు కొలవాలి. 0.10 మి.మీ. దాటితే పిస్టనే మార్చాలి. ఇక్కడ 0.05.
4. రింగు కొసల సందుని బోరు అడుగున, రింగు తిరిగే చివరి చోట కొలవాలి. 0.20 నుంచి 0.33 ఉండాలి.

నాలుగోది పైన కొలిస్తే ఏమవుతుందో చూడండి. మూడో బోరులో అదే రింగు అడుగున 0.25, పైన 0.56. పైన 0.25 వచ్చేలాంటి రింగు వేస్తే అడుగున కొసలు ఢీకొని రింగు బిగుసుకుంటుంది, బోరు చీరుకుపోతుంది.

హోనింగు. క్రాంక్ బండిలోనే ఉంది కాబట్టి జర్నళ్లకి (క్రాంక్ మీద బేరింగులు కూర్చునే భాగాలకి) గ్రీజు గుడ్డలు చుట్టి కట్టాం. పోత ఇనుము రింగులకు 220 గ్రిట్ రాళ్లు, కిరోసిన్ తడి, తక్కువ వేగం. పైకీ కిందికీ ఆపకుండా కదిలిస్తే గీతలు 45 నుంచి 60 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి దాటాలి. లోహం తీయడం కాదు, అద్దంలాంటి నునుపుని పోగొట్టడమే పని. పది, పదిహేను సెకన్లకోసారి ఆపి చూడాలి.

కడగడం దగ్గర తొందరపడితే ఈ పనంతా వృథా. కిరోసిన్ రాతిపొడిని తీయదు, గీతల్లోకి కూరుతుంది. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్షు కావాలి. తెల్ల గుడ్డకు ఆయిల్ రాసి బోరు తుడిస్తే బూడిద రంగు అంటనంత వరకు కడుగుతూనే ఉండాలి. ఆరీ ఆరగానే ఆయిల్ పట్టించాలి. అయిదు నిమిషాల్లో తుప్పు మొదలవుతుంది.

రింగుల మీద పై వైపు గుర్తు ఉంటుంది. ఏటవాలు ముఖం ఉన్న రింగు తలకిందులైతే ఆయిల్‌ని కిందికి గీకడం మాని పైకి ఎక్కిస్తుంది. కొసలు ఒకే వరసలో పడకుండా చుట్టూ పంచాలి. బిగ్ ఎండ్ టోపీల నంబర్లు తారుమారు కాకూడదు.

దశ 6: రింగులు కూర్చోబెట్టడం

మినరల్ 20డబ్ల్యూ-50 ఆయిల్. సింథటిక్ ఇప్పుడే వద్దు. స్టార్ట్ చేసి గంట ఐడ్లింగ్‌లో ఉంచే పాత అలవాటు కొత్త రింగులకు విషం. లోడు లేకపోతే రింగులని గోడకు అదిమే ఒత్తిడి రాదు, హోన్ గీతలు ఊరికే నునుపెక్కుతాయి. ఆయిల్ ప్రెషర్, నీళ్లు, లీకులు చూసుకుని వెంటనే రోడ్డెక్కాలి. టాప్ గేరులో 50 నుంచి 80 కి.మీ. వేగానికి బలంగా లాగి, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ 50కి దిగనివ్వాలి. పన్నెండు, పదిహేను సార్లు. దిగేటప్పటి వాక్యూమ్ గోడకి ఆయిల్ తెచ్చి అరుగుడు పొడిని కడుగుతుంది. 300 కి.మీ. దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి, హెడ్డు నట్లు, వాల్వు క్లియరెన్సు మళ్లీ చూశాం.

మొదటి 300 కి.మీ.: 270 మి.లీ., అంటే 900.
తర్వాతి 500 కి.మీ.: 210 మి.లీ., అంటే 420.
తర్వాతి 1000 కి.మీ.: 235 మి.లీ., అంటే 235.
మొత్తం: 3940 కి.మీ., 2.995 లీటర్లు.

మొదటి 300లో తాగుడు రింగులు మార్చకముందుకన్నా ఎక్కువ ఉందని చూసి మళ్లీ విప్పేవాళ్లు ఉంటారు. కనీసం 800 కి.మీ. దాటకుండా తీర్పు ఇవ్వకండి.

చివరి కంప్రెషన్, పొడి: 150, 148, 146, 149. క్రాంక్‌కేసు ఒత్తిడి ఐడ్లింగ్‌లో 2 మి.మీ., 3000 దగ్గర 12. రాత్రి అట్ట మీద 4 గ్రాములు. అది వెనక మర గాడిది. ఇంజన్ దింపే పని వేరే ఏదైనా పడితే తప్ప దాని జోలికి వెళ్లేది లేదు.